రెండు ఓడలు: బి. ఆర్. పంతులు చిత్రాల్లో సముద్రం, పేరాశ, ద్రోహం

బి. ఆర్. పంతులు నిర్మించి దర్శకత్వం వహించిన 'ఆయిరత్తిల్ ఒరువన్' 1965 జూలై 9న విడుదలైంది. ఎం. జి. రామచంద్రన్, జయలలిత జంటగా నటించిన మొదటి చిత్రం అది. తమిళంలో సముద్ర సాహస చిత్రం అనగానే నేటికీ ముందుగా స్ఫురించేది ఈ పేరే. 2014 మార్చిలో దీన్ని కొత్త సాంకేతిక పద్ధతిలో శుభ్రపరచి మళ్లీ విడుదల చేసినప్పుడు మద్రాసులో పాతిక వారాలకు మించి ఆడింది. దాదాపు యాభై ఏళ్లనాటి ఓడదొంగల కథకు అంతటి ఆదరణ లభించడం సామాన్య విషయం కాదు.

ఈ చిత్రాన్ని కేవలం కత్తియుద్ధాల వినోదంగా భావించి వదిలివేయడం పరిపాటి. మేము దీన్ని అదే దర్శకుడు నాలుగేళ్ల ముందు తీసిన మరొక ఓడ కథతో, అంటే 1961 నాటి 'కప్పలోట్టియ తమిళన్'తో జతచేసి చదవదలచాము. మొదటిది కల్పన, రెండవది చరిత్ర. కల్పనలో ఓడ గెలుస్తుంది. చరిత్రలో ఓడ అమ్ముడుపోతుంది. పేరాశ, ద్రోహం అనే రెండు మాటలకు ఈ రెండు చిత్రాలూ వేరువేరు అర్థాలు చెబుతున్నాయి. ఆ తేడాను గుర్తించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అరుప్పుకోట్టై, కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాల తెలుగు విద్యార్థులకు ఈ విషయం దూరపుది కాదు. మధురై నుంచి తూత్తుకుడికి పోయే రహదారి అరుప్పుకోట్టై మీదుగా, ఎట్టయపురం మీదుగా సాగుతుంది. అరుప్పుకోట్టై నుంచి సముద్రం సుమారు 90 కిలోమీటర్లు. నడుమ ఉన్నదంతా తమిళంలో కరిసల్ అని పిలిచే నల్లరేగడి నేల, వానను నమ్ముకొన్న మెట్ట పొలాలు. ఆ దారికి ఇరుపక్కలా తెలుగు మాట్లాడే ఇళ్లు తరతరాలుగా ఉన్నాయి. పంతులు తీసిన మూడు చిత్రాలకు ఈ దారితో సంబంధం ఉంది. పాంచాలంకురిచ్చి, ఒట్టప్పిడారం ఈ దారికి చేరువలోనే ఉన్నాయి. మొదటిది 'వీరపాండియ కట్టబొమ్మన్' (1959) కథాస్థలం, రెండవది 'కప్పలోట్టియ తమిళన్' నాయకుడు పుట్టిన ఊరు. మూడవ చిత్రమైన 'ఆయిరత్తిల్ ఒరువన్' నాయకుణ్ణి పన్నెండేళ్ల తరువాత, 1977లో, అరుప్పుకోట్టై నియోజకవర్గం శాసనసభకు ఎన్నుకొంది. ఆ ఏడాది జూన్ 30న ఆయన తమిళనాడు ముఖ్యమంత్రి అయ్యారు.

దర్శకుడు కూడా మనకు పూర్తిగా పరాయివాడు కాడు. బూదగూరు రామకృష్ణయ్య పంతులు 1910లో కోలారు జిల్లాలో జన్మించారు. తెలుగు, కన్నడం, తమిళం ఒకే సంతలో వినిపించే సీమ అది. ఆయన ఈ మూడు భాషల్లోనూ చిత్రాలు తీశారు. ఒక భాషలో పుట్టి మరొక భాషలో పనిచేసి మెప్పించినవారి కృషి మన విద్యార్థులు ప్రత్యేకంగా గమనించదగినది.

బార్బడోస్ నుంచి కార్వార్ వరకు

'ఆయిరత్తిల్ ఒరువన్' కథకు మూలం తమిళదేశంలో లేదు. రఫేల్ సబాటిని అనే రచయిత 1922లో ఇంగ్లీషులో రాసిన 'కాప్టెన్ బ్లడ్' నవల, దాని ఆధారంగా 1935లో హాలీవుడ్‌లో మైకేల్ కర్టిజ్ తీసిన చిత్రం దీనికి ప్రేరణ. ఆ నవల వెనుక కూడా ఒక యథార్థ గాథ ఉంది. 1685లో ఇంగ్లండు రాజు రెండవ జేమ్సుపై మాన్మత్ ప్రభువు తిరుగుబాటు చేసి ఓడిపోయాడు. గాయపడిన తిరుగుబాటుదారులకు వైద్యం చేసిన హెన్రీ పిట్మన్ అనే శస్త్రవైద్యుణ్ణి దోషిగా నిర్ణయించి బార్బడోస్ దీవికి పంపి అమ్మివేశారు. అతడు 1687లో కొందరు సహచరులతో చిన్న పడవలో తప్పించుకొని, స్వదేశం చేరి, 1689లో తన కష్టాలను పుస్తకంగా ప్రచురించాడు. సబాటిని ఇటువంటి వైద్యుణ్ణి నాయకుడిగా చేసి, అతడు ఓడదొంగగా మారినట్లు కల్పించాడు.

తమిళ చిత్రంలో ఆ వైద్యుడు మణిమారన్. అతనిది నెయ్దల్ నాడు. నిరంకుశ పాలనపై తిరగబడి గాయపడినవారికి చికిత్స చేయడమే అతని నేరం. వారితోపాటు అతన్ని కూడా కన్ని తీవు అనే దీవికి బానిసగా పంపుతారు. ఆ దీవి అధిపతి కుమార్తె పూంగొడి అతన్ని ప్రేమిస్తుంది. బానిసలు సముద్రం మీదికి తప్పించుకొంటారు. అక్కడ ఓడదొంగల చేతికి చిక్కి తామూ ఆ బ్రతుకే బ్రతకవలసి వస్తుంది. సముద్ర దృశ్యాలను పడమటి తీరంలోని కార్వార్ వద్ద తీశారు. విశ్వనాథన్, రామమూర్తి జంట సంగీతం సమకూర్చారు. కథానాయిక పాటలు పాడింది మన విజయనగరానికి చెందిన పి. సుశీల.

కథను తమిళంలోకి తెచ్చేటప్పుడు పేర్లను ఎంత ఆలోచించి పెట్టారో చూడాలి. నెయ్దల్ అంటే నీటి పువ్వు. సంగకాలపు కవిత్వం నేలను ఐదు తిణలుగా విభజించింది. వాటిలో సముద్రతీరానికి నెయ్దల్ అని పేరు. ప్రియుడు కడలి మీద వెళ్లగా తీరంలో ఎదురుచూసే స్త్రీ దుఃఖం ఆ తిణకు సంబంధించిన భావం. కాబట్టి 'నెయ్దల్ నాడు' అన్న మాట వినగానే తమిళ పాఠకునికి తీరం, వియోగం రెండూ స్ఫురిస్తాయి. బార్బడోస్ కథకు ఆ ఒక్క పేరుతో రెండువేల ఏళ్ల నేపథ్యం అమరింది. తెలుగులో సముద్రతీరానికి ఇటువంటి కవిసమయం స్థిరపడలేదు. మన ప్రబంధాల్లో సముద్రం వర్ణనీయ వస్తువుల్లో ఒకటి మాత్రమే.

ఓడలో మాట విలువ

సముద్ర సాహస కథల్లో పేరాశ, ద్రోహం ఎందుకు అంత తరచుగా వస్తాయి? నేలమీద మనిషికి ఊరు ఉంది, కులపెద్దలు ఉన్నారు, కోర్టు ఉంది, పారిపోవడానికి దారి ఉంది. నడిసముద్రంలో ఇవేవీ లేవు. నలుగురూ ఒకే కొయ్యమీద ఉన్నారు. మంచినీళ్లు కొలిచి పంచుకోవాలి, గాలి చూసి తెరచాప అందరూ కలిసి లాగాలి. అందువల్ల అక్కడ చట్టం స్థానంలో ఒప్పందం నిలుస్తుంది. ఎవరి వాటా ఎంత, ఎవరి మాట చెల్లాలి అన్నది ముందుగా తేల్చుకోకపోతే ఓడ కదలదు.

ఇది కేవలం కథకుల ఊహ కాదు. పదిహేడు, పద్దెనిమిదవ శతాబ్దాల్లో కరేబియన్ ఓడదొంగలు ప్రయాణానికి ముందు నిబంధనలు రాసుకొని సంతకాలు చేసేవారు. నాయకునికి ఎన్ని వాటాలు, వైద్యునికి ఎంత, చేయి పోయినవానికి ఎంత పరిహారం అన్నవి అందులో ఉండేవి. కొల్లసొమ్ములో కొంచెం దాచినా కఠిన శిక్ష తప్పేది కాదు. సబాటిని నవలలో కథ మలుపు తిరిగేది ఇక్కడే. లెవస్సూర్ అనే ఫ్రెంచి ఓడదొంగ బందీలను తనకే దక్కించుకోజూస్తాడు. బ్లడ్ అతన్ని ఒప్పందం మాటతోనే నిలదీసి, బందీల వెలను ముత్యాలతో చెల్లించి, ఆ తరువాతే కత్తి దూస్తాడు. పేరాశ అంటే పంచుకోవలసినదాన్ని ఒక్కడే ఉంచుకోవడం. ద్రోహం అంటే ఇచ్చిన మాట తప్పడం. సముద్ర కథలో ఈ రెండూ ఒకే పనికి రెండు పేర్లు.

ఈ సూత్రం ఇప్పటి తెలుగు చిత్రంలోనూ కనిపిస్తుంది. కొరటాల శివ దర్శకత్వంలో 2024 సెప్టెంబరు 27న విడుదలైన 'దేవర'లో ఎర్రసముద్రం పక్క ఊళ్లవారు ఓడల నుంచి దొంగసరుకు దించి బ్రతుకుతారు. ఆ పని మానాలని ఒకడు, మానితే బ్రతుకెలా అని మరొకడు విడిపోవడంతో స్నేహం ద్రోహంగా మారుతుంది. నడుమ ఆరు దశాబ్దాలు గడిచినా ఓడ చుట్టూ అల్లుకొనే ప్రశ్న మారలేదు.

అయితే 'కాప్టెన్ బ్లడ్'లోనూ 'ఆయిరత్తిల్ ఒరువన్'లోనూ మరొక మెట్టు ఉంది. ఓడదొంగ చేసేది చట్టవిరుద్ధమైన దోపిడి. మరి మనుషులను కొని తోటల్లో పని చేయించే దీవి అధిపతి చేసేది ఏమిటి? అది ఆ నాటి చట్టం ఒప్పుకొన్న దోపిడి. నాయకుడు దొంగల ఓడ ఎక్కేది ఆ చట్టం అతన్ని సరుకుగా అమ్మిన తరువాతనే. ప్రేక్షకుడు దొంగను ప్రేమించగలగడానికి కారణం ఇదే.

1965లో ఈ మద్రాసు రాష్ట్రపు ప్రేక్షకునికి బానిసల దీవి మరీ వింత ఊహగా తోచి ఉండదు. తూత్తుకుడి నుంచి కొలంబోకు, ధనుష్కోడి నుంచి తలైమన్నారుకు కూలీలు ఎక్కిన ఓడల జ్ఞాపకం ఇళ్లలో ఉండేది. 1964 అక్టోబరు 30న భారత, సింహళ ప్రధానులు లాల్ బహదూర్ శాస్త్రి, సిరిమావో బండారనాయకే ఒప్పందం చేసుకొని, తేయాకు తోటల్లో పనిచేసే లక్షలాది భారత సంతతివారిని రెండు దేశాల మధ్య పంచుకొన్నారు. 5,25,000 మందిని భారత్, 3,00,000 మందిని సింహళం స్వీకరించాలని అందులో నిర్ణయించారు. మిగిలిన లక్షన్నర మంది సంగతి తరువాతి ఒప్పందానికి వదిలారు. ఆ డిసెంబరులోనే తుపాను ధనుష్కోడిని తుడిచిపెట్టింది. మనుషులను అంకెలుగా పంచుకొన్న ఆ ఒప్పందానికి ఎనిమిది నెలల తరువాత ఈ చిత్రం వచ్చింది. కథానాయకుడు సింహళంలోనే, 1917లో, పుట్టినవాడు. దర్శకుడు ఇవన్నీ మనసులో పెట్టుకొని తీశారని మేము అనడం లేదు. చూసినవారి మనసులో ఇవి ఉన్నాయనే మా అభిప్రాయం. తెలుగు తీరంలోనూ ఇటువంటి మాటలు నిలిచి ఉన్నాయి. బర్మాకు కూలికి పోవడాన్ని ఉత్తరాంధ్రలో 'రంగం వెళ్లడం' అనేవారు. రంగూను పేరే అలా మారింది.

తూత్తుకుడి ఓడలు

ఇక రెండవ ఓడ కథ. ఒట్టప్పిడారంలో 1872 సెప్టెంబరు 5న జన్మించిన వ. ఉ. చిదంబరం పిళ్లై తూత్తుకుడిలో ప్లీడరు. తూత్తుకుడి, కొలంబోల మధ్య ఓడ వ్యాపారం అంతా ఆనాడు బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ చేతుల్లో ఉండేది. దానికి పోటీగా 1906 అక్టోబరులో ఆయన స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీని నెలకొల్పారు. మూలధనం పది లక్షల రూపాయలు. ఒక్కొక్క వాటా 25 రూపాయలు, మొత్తం 40,000 వాటాలు. కంపెనీకి అధ్యక్షులు పాలవనత్తం జమీందారు పాండిత్తురై తేవర్. 1901లో మధురైలో నాలుగవ తమిళ సంగం స్థాపించినది కూడా ఆయనే. పాలవనత్తం అరుప్పుకోట్టై పక్క ఊరు. సముద్రం కనిపించని ఈ మెట్టనేలకూ ఆ ఓడలకూ ఉన్న బంధం ఇటువంటిది.

మొదట కంపెనీకి సొంత ఓడ లేదు, అద్దె ఓడలే గతి. అద్దెకు ఇచ్చినవారిపై పెద్ద కంపెనీ ఒత్తిడి తేవడంతో ఆ ఏర్పాటు చెడిపోయింది. అప్పుడు చిదంబరం పిళ్లై బొంబాయి వెళ్లి ప్రయత్నించి 'గాలియా' అనే ఓడను సంపాదించారు. తరువాత 'లావో' అనే రెండవ ఓడ వచ్చింది. బ్రిటిష్ కంపెనీ ఛార్జీలు తగ్గించుకొంటూ పోయింది. చివరికి టిక్కెట్టు లేకుండా ఎక్కించుకొని పైగా గొడుగు కూడా బహుమతిగా ఇచ్చేదని తూత్తుకుడిలో ఇప్పటికీ చెప్పుకొంటారు. లక్షల మూలధనం ఉన్నవాడు నష్టాన్ని కొన్నేళ్లు భరించగలడు. ఇరవై ఐదు రూపాయల వాటాదారుడు భరించలేడు.

1908లో చిదంబరం పిళ్లై తూత్తుకుడి కోరల్ మిల్లు కార్మికుల సమ్మెకు అండగా నిలిచారు. ఆ మార్చి 12న ఆయన్ను, సుబ్రహ్మణ్య శివను అరెస్టు చేశారు. మరునాడు తిరునెల్వేలిలో అల్లర్లు చెలరేగాయి, పోలీసు కాల్పుల్లో నలుగురు మరణించారు. జూలైలో న్యాయస్థానం ఆయనకు యావజ్జీవ ద్వీపాంతర శిక్ష విధించింది. అప్పీళ్లలో శిక్ష తగ్గింది. జైలులో ఎద్దులకు బదులు ఆయన చేత నూనెగానుగ లాగించారు. నాయకుడు లేని కంపెనీ 1911లో మూతపడింది. కొన్న ఓడల్లో ఒకటి చివరికి పోటీ కంపెనీకే అమ్ముడుపోయిందని ఆయన జీవిత చరిత్రలు చెబుతున్నాయి. 1912 చివర విడుదలైననాడు ఆయనకు ఓడ లేదు, ప్లీడరు సన్నదు లేదు. ఎన్నో ఏళ్ల తరువాత సన్నదు తిరిగి లభించాక కోవిల్‌పట్టిలో వకీలుగా పనిచేశారు. 1936 నవంబరు 18న తూత్తుకుడిలో కన్నుమూశారు. ఆ రేవుకు 2011లో ఆయన పేరు పెట్టారు.

ఈ కథలో పేరాశ ఎక్కడుంది? ద్రోహి ఎవరు? ఛార్జీ తగ్గించిన కంపెనీ చట్టం ప్రకారం వ్యాపారమే చేసింది. గొడుగు కోసం ఆ ఓడ ఎక్కిన ప్రయాణికుడు రెండు అణాలు మిగుల్చుకొన్న పేదవాడు. జైలుకు పంపిన జడ్జి శిక్షాస్మృతి ప్రకారం తీర్పు చెప్పాడు. ఓడను అమ్మినవారు అప్పులు తీర్చవలసినవారు. ఎవరినీ ఒంటికంటి దొంగగా చూపించి కత్తితో పొడవలేము. అయినా నలభై వేల వాటాల మీద నిలిచిన మాట తప్పిపోయింది. నిజమైన సముద్రంలో ద్రోహం సాధారణంగా ఇలాగే, పలువురి చేతుల మీదుగా, పత్రాల మీది సంతకాల ద్వారా జరుగుతుంది.

పంతులు ఈ కథను 1961లో శివాజీ గణేశన్ కథానాయకుడుగా తెరకెక్కించారు. దానికి ఉత్తమ తమిళ చిత్రంగా జాతీయ స్థాయి గుర్తింపు లభించింది గాని పెట్టిన డబ్బు రాలేదు. నాలుగేళ్ల తరువాత ఆయన కల్పిత సముద్రాన్ని, మరొక నటుణ్ణి ఎంచుకొన్నారు. ఆ ఓడకు జనం పోటెత్తారు.

ద్రోహానికి పెట్టిన పేరు

ద్రోహాన్ని ఒక ముఖానికి అంటగట్టడం ఎంత సులువో, ఎంత ప్రమాదమో చెప్పడానికి పంతులు తీసిన మొదటి పెద్ద చారిత్రక చిత్రమే ఉదాహరణ. పాంచాలంకురిచ్చి పాలెగాడు కట్టబొమ్మన్‌ను 1799 అక్టోబరు 16న కయత్తారులో ఈస్టిండియా కంపెనీ ఉరితీసింది. అతని కథలో ఎట్టయపురం పాలెగాడు ఎట్టప్పన్ కంపెనీ పక్షాన నిలిచాడు. తమిళంలో 'ఎట్టప్పన్' అన్న మాట నేడు ద్రోహి అన్న అర్థంలో వాడుతున్నారు. జానపద గాథల్లో పుట్టిన ఈ వాడుకను 1959 నాటి చిత్రం ఊరూరా పాతుకొనేటట్లు చేసింది.

చరిత్ర ఇంత సూటిగా లేదు. కోట పడిపోయాక పారిపోయిన కట్టబొమ్మన్‌ను పట్టి కంపెనీకి అప్పగించినది పుదుక్కోట్టై తొండైమాన్. అతని పేరు తిట్టుగా మారలేదు. పాలెగాళ్లకు ఇరుగుపొరుగుతో సరిహద్దు తగాదాలు తరతరాలుగా ఉండేవి. కంపెనీ ఆ తగాదాలనే తన పనికి వాడుకొంది. ఇక్కడ మన విద్యార్థులు గమనించవలసిన అంశం ఒకటి ఉంది. కట్టబొమ్మన్, ఎట్టప్పన్ ఇద్దరూ తెలుగు మాట్లాడే రాజకంబళ నాయకుల వంశాలవారు. అంటే ఈ ప్రాంతంలో వీరునికీ ద్రోహికీ నిలిచిన రెండు పేర్లూ మన భాషవారివే. ఆ ఎట్టయపురం ఆస్థానమే ముత్తుస్వామి దీక్షితులకు చివరి రోజుల్లో ఆశ్రయమిచ్చింది. సుబ్రహ్మణ్య భారతి పుట్టినదీ, 'భారతి' బిరుదు పొందినదీ ఆ ఊళ్లోనే. ఒక వంశం పేరును ఒక్క అర్థానికి కుదించినప్పుడు ఇవన్నీ మరుగున పడతాయి.

కోవిల్‌పట్టి వద్ద ఇడైసెవల్‌కు చెందిన కి. రాజనారాయణన్ ఇదే నేలలో తెలుగువారి వలస గాథను తమిళంలో నవలలుగా రాశారు. 'గోపల్లపురత్తు మక్కళ్' నవలకు ఆయనకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఆయన కథల్లో వీరులూ ద్రోహులూ అని మనుషులను విడదీయడం కనబడదు. ఆకలి, భయం, ఇరుగుపొరుగు మాత్రమే కనిపిస్తాయి. సాహస చిత్రం చూసిన కంటితో ఆయన నవలను కూడా చదివితే తూకం సరిపోతుంది.

నావ మాటలు

ఈ చిత్రాలు చూసే తెలుగు విద్యార్థికి భాషాపరంగా కూడా లాభం ఉంది. తమిళంలో కప్పల్ అన్నదాన్ని మనం ఓడ అంటాము. మలయ్ భాషలో ఓడకు కపాల్ అన్న పేరు తమిళం నుంచి వెళ్లినదే. తమిళ సుక్కాన్, తెలుగు చుక్కాని రెండూ అరబ్బీ నుంచి వచ్చినవి. తమిళ నంగూరం, తెలుగు లంగరు రెండూ పారశీక పదమే. ఓడ నౌకర్లకు పెద్ద అయిన సరంగు అన్న మాట కూడా పారశీకం నుంచి వచ్చింది. ఈ నీళ్ల మీద ఏ ఒక్క జాతీ ఒంటరిగా తిరగలేదనడానికి ఈ మాటలే సాక్ష్యం. ఇక తమిళ పేరాసై, తెలుగు పేరాశ పోలిక వేరే చెప్పనక్కరలేదు. తమిళ తురోగం, తెలుగు ద్రోహం సంస్కృతం నుంచి వచ్చిన ఒకే మాట. కాని తమిళ అడిమైకి మనం వాడే మాట బానిస. ఇళ్లలో తెలుగు, బళ్లో తమిళం వాడే పిల్లలకు ఇటువంటి జంటపదాలు ఒక భాష నుంచి మరొక భాషకు వంతెనల వంటివి.

వేయిమందిలో ఒకడు

చిత్రం పేరు విషయం చివరికి మిగిల్చాము. 'ఆయిరత్తిల్ ఒరువన్' అంటే తెలుగులో వేయిమందిలో ఒకడు. ఈ మాటకు రెండు అర్థాలు చెప్పవచ్చు. వేయిమందికీ దొరకని అరుదైనవాడు అన్నది ఒకటి. వేయిమందిలో తానూ ఒకడై కలిసి ఉన్నవాడు అన్నది రెండవది. ఇదే పేరుతో 2010లో సెల్వరాఘవన్ వేరొక తమిళ చిత్రం తీశారు. అదీ సముద్ర ప్రయాణంతో కూడిన సాహస కథే. దాని తెలుగు అనువాదానికి 'యుగానికి ఒక్కడు' అని పేరు పెట్టారు. ఈ అనువాదంలో వేయిమంది మాయమై ఒక్కడే మిగిలాడు. మాటల్లో చిన్న మార్పే, అర్థంలో పెద్ద మార్పు.

1965 నాటి చిత్రం ఈ రెండు అర్థాల మధ్య ఊగుతుంది. సంకెళ్లతో వచ్చిన మణిమారన్ బానిసల్లో ఒకడు. వారితో కలిసి మోస్తాడు, వారితో కలిసి పాడతాడు. కాని ఓడ ఎక్కిన తరువాత నిర్ణయాలన్నీ అతనివే. తెర మీద ఓడ అందరిదీ అనిపిస్తుంది, చుక్కాని మాత్రం ఒక్కడి చేతిలో ఉంటుంది. ఎం. ఎస్. ఎస్. పాండియన్ 1992లో ఎం.జి.ఆర్. తెరరూపం గురించి ఇంగ్లీషులో ఒక గ్రంథం రాశారు. పేదవారి తరఫున పోరాడే ఆ తెరమీది మనిషిని పేదలు తమ నాయకుడిగా ఎలా స్వీకరించారో అందులో చర్చించారు. 1977లో అరుప్పుకోట్టై ఓటర్లు ఏయే కారణాలతో ఓటు వేశారో ఒక చిత్రంతో లెక్కకట్టలేము. కాని వారిలో చాలామంది నాయకుణ్ణి మొదట ఓడ మీద చూసినవారే అన్నది మరువరానిది.

ఆ దర్శకునికీ ఆ నటునికీ మధ్య బంధం మరొక విధంగానూ ముగిసింది. 'మదురైయై మీట్ట సుందరపాండియన్' చిత్రం తీస్తూ పంతులు 1974లో మరణించారు. మిగిలిన భాగానికి ఎం.జి.ఆర్. తానే దర్శకత్వం వహించారు. 1978 జనవరిలో అది విడుదలైనప్పుడు ఆయన ముఖ్యమంత్రి, అరుప్పుకోట్టై శాసనసభ్యుడు. నటుడుగా అదే ఆయన చివరి చిత్రం.

పైన చెప్పినదాన్ని బట్టి ఈ రెండు ఓడల తేడా ఇలా తేలుతుంది. చిదంబరం పిళ్లై ఓడ నలభై వేల వాటాల ఓడ. అది ఎందరో కలిసి నిలుపుకోవలసిన మాట. అందుకే దాన్ని ముంచడానికి కత్తి అవసరం లేకపోయింది. గొడుగులు, అప్పులు, అలసట చాలాయి. మణిమారన్ ఓడ ఒక్క వీరుని మాట మీద నిలిచింది, కాబట్టి ఒక్క దుష్టుణ్ణి జయిస్తే కథ సుఖాంతమైంది. చరిత్ర ఇవ్వని గెలుపును కల్పన ఇచ్చింది. ప్రజలు దాన్ని ఆశగా అందుకొన్నారు. అందులో తప్పేమీ లేదు. ఆ ఆశను మాత్రమే తీసుకొని, ఓడ ఎవరిది, వాటాలు ఎవరివి అన్న ప్రశ్నను ఒక్కడికి అప్పగించి ఇంటికి పోవడంలోనే నష్టం ఉంది.

కాబట్టి మన విద్యార్థులు ఈ రెండు చిత్రాలను ఒకదాని వెంట ఒకటిగా, ముందు 1961 నాటిదాన్ని, తరువాత 1965 నాటిదాన్ని, చూడవలసిందిగా సూచిస్తున్నాము. ప్రతి ఘట్టంలోనూ ఎవరు ఎవరికి మాట ఇచ్చారు, ఆ మాట ఎవరు తప్పారు, తప్పినందువల్ల ఎవరికి ఏమి మిగిలింది అని తెలుగులో ఒక పట్టిక రాసుకోవాలి. కల్పిత చిత్రంలో ఆ పట్టిక త్వరగా నిండుతుంది. చారిత్రక చిత్రంలో కొన్ని గడులు ఖాళీగా మిగులుతాయి. ఆ ఖాళీలను పూరించడానికి ఇళ్లలోని పెద్దలను అడగాలి. సింహళం వెళ్లినవారు, రంగం వెళ్లినవారు, తిరిగి వచ్చినవారు, రానివారు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. వారి కథలు తెలుగులో రాయబడలేదు. అవి రాయడానికి అరుప్పుకోట్టై, కోవిల్‌పట్టి విద్యార్థులకు ఉన్న అవకాశం హైదరాబాదులోనో విజయవాడలోనో చదివేవారికి లేదు.